బండి తాళం తీసే ముందు

"ఒరేయ్, ఓ కొత్తిమీర కట్ట తెచ్చిపెట్టరా" అని అమ్మ వంటింట్లోంచి కేకేస్తుంది. "బండి తాళం ఎక్కడ పెట్టావమ్మా?" అని హాల్లోంచి జవాబొస్తుంది. కూరగాయల కొట్టు వీధి మలుపులోనే ఉంటుంది. రోజూ మన ఇళ్లలో వినిపించే మాటలివి. కొట్టు ఎంత దూరం, ఎంత బరువు తేవాలి, ఎండ ఎలా ఉంది అన్న ఆలోచన రాకముందే చెయ్యి తాళం కోసం వెతుకుతుంది.

ఆరోగ్యం కోసం చేసే వాకింగ్ గురించి చాలామంది చెప్పారు. ఈ అధ్యాయంలో మనం మాట్లాడుకునేది పని మీద నడిచే నడక గురించి. పాల ప్యాకెట్‌కీ, ఇస్త్రీ బట్టలకీ, మందుల షాపుకీ, ఏటీఎంకీ, గుడికీ, పిల్లల్ని ట్యూషన్‌లో దింపడానికీ, బస్టాపుకీ వెళ్లే ఆ చిన్న చిన్న దూరాల గురించి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. దగ్గరి పనులకు నడిచి వెళ్లడం మామూలు సంగతి కావాలి, బండి తియ్యాలంటే దానికో కారణం ఉండాలి. ఇప్పుడు చాలా ఇళ్లలో ఇది తలకిందులైంది. బండి తియ్యడానికి ఎవరూ కారణం అడగరు. నడిచి వెళ్తుంటే మాత్రం "ఏంటండీ, బండి పాడైందా?" అని ఎదురింటాయన పలకరిస్తాడు.

మనవాళ్లకు నడక చేతకాదా అంటే, అదీ కాదు. అలిపిరి దగ్గర కొబ్బరికాయ కొట్టి, 3,550 మెట్లెక్కి కొండకు చేరే కుటుంబాలు ఎన్నో. ఊరెళ్తే పొలం గట్లమీద కిలోమీటర్లు తిరిగొచ్చేవాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ కేబీఆర్ పార్కు బయట తెల్లవారేసరికి కార్లు బారులు తీరి ఉంటాయి, అన్నీ లోపల నడవడానికి వచ్చినవాళ్లవే. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే వాహనాలు ఆపేసి మరీ నడిచేవాళ్లకు దారి వదులుతారు. మనకు నడక మీద గౌరవం ఉంది, ఓపికా ఉంది. అయితే నడకకు ఒక చోటు, ఒక సమయం కేటాయించి, మిగతా రోజంతటికీ దాన్ని దూరం పెట్టాం. ఆ మిగతా రోజులోకి దాన్ని మళ్లీ తెచ్చుకోవడమెలాగో చూద్దాం.

ముందు టైము లెక్క తేల్చుకుందాం

బండి తియ్యడానికి అందరూ చెప్పే మొదటి కారణం టైము. కాబట్టి అక్కడే మొదలుపెడదాం.

మామూలుగా నడిచే మనిషి గంటకు ఐదు కిలోమీటర్ల దాకా నడుస్తాడు. అంటే కిలోమీటరుకు 12 నిమిషాలు, అర కిలోమీటరుకు ఆరు. ఈ రెండు అంకెలూ గుర్తుంటే చాలు.

ఇప్పుడు బండి సంగతి. మన మనసు ఎప్పుడూ బండి కదిలిన క్షణం నుంచి ఆగిన క్షణం దాకానే లెక్కేస్తుంది. నిజానికి ప్రయాణం ఇంటి గుమ్మం దగ్గర మొదలై కొట్టు గుమ్మం దగ్గర ముగుస్తుంది. ఒక అపార్ట్‌మెంట్‌ను తీసుకోండి. తాళం వెతికి, లిఫ్టు కోసం నిలబడి సెల్లార్‌లోకి దిగాలి. మన స్కూటీకి అడ్డంగా ఎవరో బుల్లెట్ పెట్టి ఉంటారు. దాన్ని కాస్త పక్కకు జరపాలి, లేదా వాచ్‌మన్‌ను పిలవాలి. సీటు మీది దుమ్ము తుడిచి, హెల్మెట్ పెట్టుకుని, బండి వెనక్కి లాగి, ర్యాంపు ఎక్కించాలి. రోడ్డు మీదికి వచ్చాక డివైడర్ ఉంటే యూటర్న్ దాకా వెళ్లి తిరిగి రావాలి. కొట్టు ముందు చోటుండదు. నాలుగు షాపుల అవతల సైడ్ స్టాండు వేసి, లాక్ చేసి, అక్కడినుంచి నడవాలి. వచ్చేటప్పుడు ఇదంతా మళ్లీ తిరగేసి చెయ్యాలి.

ఇప్పుడు గడియారం పట్టుకుని చూడండి. కొట్టు 300 మీటర్ల దూరంలో ఉంటే నడకకు నాలుగు నిమిషాలు పడుతుంది. బండికీ దాదాపు అంతే. 700 మీటర్లయితే నడక ఎనిమిదీ తొమ్మిది నిమిషాలు, బండి ఐదారు నిమిషాలు. రానూపోనూ కలిపి తేడా ఐదారు నిమిషాలకు మించదు. రెండు కిలోమీటర్లయితే పాతిక నిమిషాలు నడవాలి, బండి మీద ఏడెనిమిది నిమిషాల్లో చేరతాం. అక్కడ బండి నిజంగానే టైము మిగులుస్తుంది.

ఈ లెక్కలోంచి మూడు వలయాలు గీసుకోవచ్చు. ఇంటినుంచి అర కిలోమీటరు లోపలున్నదంతా మొదటి వలయం. ఇక్కడ బండి వల్ల మిగిలేది దాదాపు ఏమీ లేదు, కాబట్టి ఎప్పుడూ నడకే. అర కిలోమీటరు నుంచి కిలోమీటరున్నర దాకా రెండో వలయం. ఇక్కడ మామూలుగా నడవాలి, గట్టి కారణముంటే బండి తియ్యాలి. అది దాటితే మూడో వలయం. అక్కడ సైకిలో, బస్సో, ఆటోనో, సొంత బండో ఏది వీలైతే అది. తీరిక ఉన్నరోజు నడవండి, లేనిరోజు బండి తీసినందుకు నొచ్చుకోకండి.

దూరాల విషయంలో మన అంచనాలు చాలాసార్లు తప్పుతాయి. బండి మీద అలవాటైన దారి కాలికి చాలా దూరమనిపిస్తుంది. ఫోన్లో మ్యాప్ తెరిచి, నడక గుర్తు నొక్కి చూడండి. వన్‌వేలూ యూటర్న్‌లూ లేని సందుల దారి ఒకటి బయటపడుతుంది. బండి మీద 900 మీటర్లున్న కొట్టు కాలినడకన 500 మీటర్లే అని తేలే సందర్భాలు తక్కువేం కాదు.

ఒంటికి అందేది

1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ బస్సుల సిబ్బందిని పరిశీలించి, ఆ ఫలితాలను 'లాన్సెట్' పత్రికలో ప్రచురించాడు. ఒకే బస్సు, ఒకే డిపో, ఒకే రకం జీవితం. డ్రైవర్ రోజంతా కూర్చుంటాడు. కండక్టర్ రెండంతస్తుల బస్సులో టిక్కెట్లు కొడుతూ రోజంతా మెట్లెక్కి దిగుతాడు. డ్రైవర్లతో పోలిస్తే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి. కదలికకూ గుండెకూ ఉన్న సంబంధం మీద ఆ తర్వాత జరిగిన పరిశోధనకు దారి వేసిన అధ్యయనమది. ఆ కండక్టర్లలో ఎవరూ వ్యాయామం చేస్తున్నామని అనుకోలేదు. వాళ్ల పని వాళ్లు చేసుకున్నారు, కదలిక ఆ పనిలోనే కలిసి ఉంది. పని మీద నడిచే నడకలో ఉన్న గొప్పతనం సరిగ్గా ఇదే.

పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నడక విషయంలో ఓ మోస్తరు అంటే, పక్కవాళ్లతో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం. ఒకప్పుడు ఏకబిగిన పది నిమిషాలు చేస్తేనే లెక్కలోకి వస్తుందనేవారు. 2020లో వచ్చిన సూచనల్లో ఆ షరతు తీసేశారు. అంటే పాల ప్యాకెట్‌కి నడిచిన నాలుగు నిమిషాలు కూడా మీ ఖాతాలో పడతాయి. 600 మీటర్ల దూరంలోని కొట్టుకు రోజుకోసారి నడిచి వెళ్లొస్తే సుమారు 15 నిమిషాలు, వారానికి 105 నిమిషాలు. దానికి గుడో, ఏటీఎమ్మో ఒకటి తోడైతే 150 దాటడం కష్టమేం కాదు. వేరే టైము కేటాయించక్కర్లేదు, ట్రాక్‌సూట్ కొనక్కర్లేదు.

మనకు ఇదెందుకు ఇంత ముఖ్యమో చెప్పే అంకెలు రెండున్నాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం అంచనా వేసింది. మన పెద్దల్లో దాదాపు సగం మందికి ఒంటికి కావలసినంత కదలిక లేదని 2024లో 'లాన్సెట్ గ్లోబల్ హెల్త్'లో వచ్చిన మరో అధ్యయనం తేల్చింది. మన బంధువుల్లో షుగర్ మాత్ర వేసుకోని ఇల్లు వెతికినా దొరకడం కష్టమన్న సంగతి మీకూ తెలుసు.

భోజనం తర్వాతి నడక గురించి ప్రత్యేకంగా చెప్పాలి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ఒక పరిశీలన ప్రచురించారు. టైప్-2 మధుమేహం ఉన్నవాళ్లు రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడవడం కన్నా, ప్రతి భోజనం తర్వాత పదేసి నిమిషాలు నడిచినప్పుడు తిన్నాక పెరిగే చక్కెర తగ్గింది. రాత్రి భోజనం తర్వాత ఆ తేడా మరీ బాగా కనిపించింది. మన రాత్రి భోజనం సంగతి చెప్పక్కర్లేదు. కంచం నిండా అన్నం, ఆ వెంటనే సోఫా. మర్నాటికి కావలసిన పాలూ పెరుగూ తెచ్చే పనిని రాత్రి భోజనం తర్వాతకు మార్చుకోండి. కొట్టు ఐదు నిమిషాల దూరంలో ఉంటే, డాక్టరు చెప్పే పది నిమిషాల నడక మీ ఇంటి పనిలోనే జరిగిపోతుంది. ఇంట్లో ఇద్దరూ కలిసి వెళ్తే, రోజంతా వీలుపడని నాలుగు మాటలూ అప్పుడు మాట్లాడుకోవచ్చు.

పదివేల అడుగులు నడవకపోతే లాభం లేదనుకుని అసలు నడవనివాళ్లున్నారు. ఆ అంకె వైద్యులు తేల్చింది కాదు. టోక్యో ఒలింపిక్స్ ముగిసిన మరుసటి ఏడాది, 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరం అమ్మకానికి వచ్చింది. దానికి పెట్టిన పేరులోంచి పుట్టిన అంకె అది. కిలోమీటరుకు దాదాపు 1,300 అడుగులు పడతాయి. ఇప్పుడు మీరు నడుస్తున్నదానికి ఆ 1,300 కలిసినా మేలే.

జేబుకూ, ఇంజినుకూ

డబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. ఒక్కసారి స్కూటీ మీద కొట్టుకు వెళ్లొస్తే అయ్యే పెట్రోలు మూడు నాలుగు రూపాయలే. అందుకే అది మన కంటికి ఆనదు. ఏడాదికి లెక్కేస్తే కనిపిస్తుంది. 600 మీటర్ల దూరానికి రోజుకు రెండుసార్లు వెళ్లొస్తే ఏడాదిలో 876 కిలోమీటర్లవుతుంది. లీటరుకు 40 కిలోమీటర్లిచ్చే స్కూటీకి 22 లీటర్లు, ఊళ్లో లీటరుకు 12 ఇచ్చే కారుకు 73 లీటర్లు. లీటరు వంద రూపాయలనే అనుకున్నా స్కూటీకి 2,200, కారుకు 7,300. కారున్న ఇంటికి ఇది చిన్న మొత్తమేమీ కాదు.

నిజానికి ఖర్చు ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. చల్లగా ఉన్న ఇంజిను మొదటి ఒకటి రెండు కిలోమీటర్లలో మామూలుకన్నా ఎక్కువ పెట్రోలు తాగుతుంది. ఇంజిను ఆయిల్ తగినంత వేడెక్కకముందే మనం ఆపేస్తే, లోపల చేరిన తేమ ఆవిరైపోయే వీలుండదు. అది ఆయిల్‌ను, సైలెన్సర్‌ను నెమ్మదిగా పాడుచేస్తుంది. సెల్ఫ్ స్టార్టుకు ఖర్చయిన చార్జింగ్ తిరిగి ఎక్కేలోపే బండి ఆగిపోవడంతో బ్యాటరీ కూడా త్వరగా బలహీనపడుతుంది. పొగను శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ బాగా వేడెక్కాకే పని మొదలుపెడుతుంది. కాబట్టి కిలోమీటరుకు ఇంత అని లెక్కేస్తే, మన వీధిలోనే తిరిగే చిన్న ప్రయాణాల్లో బండి వదిలే పొగ ఎక్కువ. ఆ పొగ పీల్చేది మన వీధి పిల్లలే.

ఎలక్ట్రిక్ స్కూటర్‌కు ఈ పొగ బెడద లేదు, ఖర్చూ తక్కువ. మూడో వలయానికి అది చక్కటి తోడు. వీధి చివరి కొట్టు విషయంలో మాత్రం అది మన కాళ్లకు చేసే మేలేమీ లేదు.

పది నిమిషాల్లో సరుకు తెచ్చిచ్చే యాప్‌ల గురించి కూడా ఒక మాట. మనం కదలకపోయినా, మన కొత్తిమీర కోసం మరొకరి బండి రోడ్డెక్కుతుంది. జ్వరంతో పడుకున్నప్పుడు, పసిబిడ్డను వదిలి వెళ్లలేనప్పుడు అది గొప్ప సాయం. మిగతా రోజుల్లో ఆ నడక మీరే ఉంచుకోండి.

బండి తియ్యాల్సిన సందర్భాలు

బండి తియ్యడం తప్పేమీ కాదు. కారణముండి తీస్తే అది మంచి నిర్ణయమే. ఆ కారణాలేమిటో ముందే తెలిసి ఉంటే, ప్రతిసారీ మనసులో వాదులాట ఉండదు.

బరువు మొదటిది. నీళ్ల టిన్ను 20 లీటర్లు, అంటే 20 కిలోలు. బియ్యం బస్తా 25 కిలోలు. ఇవి చేత్తో మోసుకొచ్చేవి కావు. రెండు చేతుల్లో సమంగా పట్టుకుని నాలుగైదు కిలోల దాకా చాలామంది ఇబ్బంది లేకుండా తేగలరు. నెల సరుకులకు బండి మీద వెళ్లండి. రోజువారీ కూరగాయలకు సంచి పట్టుకుని నడవండి. రైతుబజారుకు వారానికోసారి బండి మీద వెళ్లి బరువైన ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ తెచ్చేసుకుంటే, ఆకుకూరలకూ కరివేపాకుకూ వీధి మలుపు దాకా నడిస్తే సరిపోతుంది.

ఎండ రెండోది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. రామగుండంలోనూ రెంటచింతలలోనూ మే నెల మధ్యాహ్నం నడవమని ఎవరూ చెప్పరు. వేసవిలో 11 నుంచి 4 దాకా నడకను పక్కన పెట్టండి. పనిని పొద్దున ఎనిమిదిలోపుకో, సాయంత్రం ఐదున్నర తర్వాతకో జరపండి. జరపలేని పనైతే బండి తియ్యండి. వానాకాలంలో మ్యాన్‌హోళ్లు కనిపించనంతగా నీళ్లు నిలిచిన రోడ్డు మీద నడవడమూ ప్రమాదమే.

ఆపద మూడోది. ఎవరికైనా ఒంట్లో బాగాలేనప్పుడు, మందు వెంటనే కావలసినప్పుడు రెండు నిమిషాల తేడా కూడా తేడానే.

నాలుగోది మనిషి. మోకాళ్లు అరిగినవాళ్లు, గుండెకు ఈమధ్యే వైద్యం జరిగినవాళ్లు ఎంత నడవాలో డాక్టర్ని అడిగి తెలుసుకోవాలి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు గాయమైనా తెలీదు. వాళ్లు రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్లకుండా, వేళ్లు మూసే మెత్తటి బూట్లు వేసుకుని నడవాలి, ఇంటికొచ్చాక పాదాలు చూసుకోవాలి.

ఐదోది దారి. దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి.

నడవగలిగే దారి

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. వాళ్లలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు కాలినడకన వెళ్తున్నవాళ్లు. ద్విచక్ర వాహనదారుల వాటా ఇంకా ఎక్కువ, సుమారు 44 శాతం. అంటే నడకలోనూ ప్రమాదముంది, బండిలోనూ ఉంది. దారి ఎంచుకోవడంలోనే మన జాగ్రత్త ఉంది.

మెయిన్ రోడ్డుకు సమాంతరంగా లోపలి సందు ఉంటే అదే మీ దారి. రెండు నిమిషాలు ఎక్కువైనా ఫర్వాలేదు. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడి పక్కన నడవండి. వెనకనుంచి వచ్చేది కనబడదు, ఎదురుగా వచ్చేది కనబడుతుంది. చీకటి పడ్డాక లేత రంగు బట్టలు మేలు, ఫోన్లో టార్చి వెలిగించుకుంటే ఇంకా మేలు. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రోడ్డు దాటకండి. డివైడర్ మీదినుంచి దూకి ఒక నిమిషం మిగుల్చుకునే పని ఎన్నడూ చెయ్యకండి.

కుక్కలు ఎక్కువగా ఉండే సందు ఏదో మీ కాలనీలో అందరికీ తెలుసు. రాత్రివేళ ఆ సందు వదిలెయ్యండి. ఎదురైతే పరుగెత్తకుండా, కళ్లలోకి చూడకుండా నెమ్మదిగా దాటండి. కరిస్తే ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా వేయించుకోవాలి.

వీధి దీపాలు లేని దారిలో ఒంటరిగా నడవడానికి ఆడవాళ్లు భయపడితే ఆ భయానికి కారణముంది. మనుషులు తిరిగే దారి, కొట్లు తెరిచి ఉన్న దారి ఎంచుకోండి. అలాంటి దారి లేకపోతే బండే సరైనది. ఆడపిల్ల రాత్రిపూట బండి తీస్తే ఇంట్లో ఎవరూ ప్రశ్నించకూడదు.

మంచి దారి లేకపోతే దాన్ని అడిగి సాధించుకోవాలి. ఫుట్‌పాత్ మీద అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లుండాలని, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు చెబుతున్నాయి. ఫుట్‌పాత్‌లపై నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పగిలిన పలక, మూత లేని డ్రైనేజీ, వెలగని దీపం కనిపిస్తే ఫొటో తీసి మున్సిపాలిటీకి ఫిర్యాదు చెయ్యండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ తరఫున నలుగురూ కలిసి పెడితే ఇంకా బలం. నడిచేవాళ్లకే ఆ లోపాలు కంటపడతాయి. నడిచేవాళ్లు తగ్గేకొద్దీ అడిగేవాళ్లూ తగ్గుతారు.

మనం బండి మీద ఉన్నప్పుడు నడిచేవాళ్లకు దారి ఇవ్వడమూ ఇందులో భాగమే. జీబ్రా గీతల ముందు ఆగండి. ఫుట్‌పాత్ మీద బండి ఎక్కించకండి, నిలపకండి.

అలవాటు చేసుకోవడం

బండి తియ్యడం నిర్ణయం కన్నా అలవాటు అని మొదట్లోనే చూశాం. అలవాటును మార్చాలంటే మనసుకు ఉపదేశం చేస్తే చాలదు, ఇంట్లో వస్తువుల చోటు మార్చాలి.

గుమ్మం పక్క మేకుకు వేలాడే బండి తాళాన్ని తీసి లోపలి గదిలో బీరువా పక్కన పెట్టండి. ఆ మేకుకు గుడ్డసంచి తగిలించండి. నడవడానికి వీలైన చెప్పులు గుమ్మం దగ్గరే ఉంచండి. గొడుగు కూడా అక్కడే. ఇప్పుడు నడవడానికి కావలసినవన్నీ చేతికందేలా ఉన్నాయి, బండికి మాత్రం గదిలోకి వెళ్లాలి. ఆ నాలుగడుగుల్లోనే "నిజంగా బండి కావాలా?" అని ఆలోచించే వీలు దొరుకుతుంది.

రెండో పని, మాటను ముందే ఖాయం చేసుకోవడం. "ఇకనుంచి ఎక్కువ నడుస్తాను" అనుకుంటే నిలవదు. "పెరుగు అయిపోతే నడిచే వెళ్తాను", "ఇస్త్రీ బట్టలకు నడిచే వెళ్తాను" అని ఫలానా పనికి ఫలానా తీరు అనుకుంటే నిలుస్తుంది. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి సంకల్పాల మీద ఎన్నో ప్రయోగాలు చేశాడు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది ముందే అనుకున్నవాళ్లే పనిని ఎక్కువగా పూర్తి చేస్తారని చూపాడు.

మూడోది ఓపిక. ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు పరిశీలించారు. కొందరికి 18 రోజులు పట్టింది, కొందరి విషయంలో లెక్క 254 రోజుల దాకా వెళ్లింది. మధ్యస్థంగా 66 రోజులు. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెదిరిపోలేదు. కాబట్టి వాన కురిసి వారం రోజులు బండి మీదే తిరిగినా కంగారు పడకండి. వాన వెలిసాక మళ్లీ సంచి తీసుకోండి.

నాలుగోది, ఒకసారి బండి తీశాక కూడా నడకను కలుపుకోవచ్చు. సుల్తాన్ బజారుకో, విజయవాడ బీసెంట్ రోడ్డుకో వెళ్లి ప్రతి షాపు ముందుకూ బండి తిప్పడం వృథా శ్రమ. ఒకచోట ఆపి, నాలుగు పనులూ నడిచి ముగించుకోండి. మెట్రో స్టేషనో బస్టాపో కిలోమీటరు లోపుంటే ఆ ముక్క నడవండి. ఆఫీసుకు వెళ్లేవాళ్లకు రోజువారీ నడక చాలావరకు అక్కడే దొరుకుతుంది.

ఐదోది పిల్లలు. "ఓసారి స్కూటీ మీద వెళ్లి తెచ్చెయ్యి" అని పదో తరగతి పిల్లవాడి చేతికి తాళమివ్వడం మన ఇళ్లలో మామూలైపోయింది. మోటారు వాహనాల చట్టంలోని 199ఏ సెక్షన్ ప్రకారం, మైనర్ బండి నడిపి నేరం చేస్తే తండ్రికో తల్లికో లేదా బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచండి. వాడి ప్రాణం కన్నా కొత్తిమీర కట్ట ఎక్కువ కాదు. నడిచి వెళ్లే పనులే పిల్లలకు చెప్పండి. చిల్లర లెక్క, మనుషులతో మాట, రోడ్డు దాటే నేర్పు అన్నీ ఆ దారిలోనే అబ్బుతాయి. మొదట్లో మీరు తోడు వెళ్లండి.

ఎదురింటాయన "బండి పాడైందా?" అని అడిగితే నవ్వి "లేదండీ, దగ్గరే కదా" అనండి. నడిచి వెళ్లడం బీదతనానికి గుర్తు అన్న భావన మన వీధుల్లో ఇంకా పోలేదు. దాన్ని పోగొట్టాలంటే బండి కొనగలిగి ఉండీ నడిచేవాళ్లు కనిపించాలి. కొన్నాళ్లకు ఆయన కూడా సంచి పట్టుకుని మీతో బయల్దేరవచ్చు.

ఈ వారం మీరు చేయాల్సింది

1. ఒక కాగితం మీద మీ ఇంట్లోవాళ్లు వారంలో వెళ్లే దగ్గరి చోట్లన్నీ రాయండి. కొట్టు, గుడి, మందుల షాపు, టిఫిన్ సెంటర్, ట్యూషన్, బ్యాంకు.

2. ఒక్కోదాని నడక దూరం మ్యాప్‌లో చూసి పక్కన రాయండి. అర కిలోమీటరు లోపున్నవాటికి ఒక గుర్తు, కిలోమీటరున్నర లోపున్నవాటికి మరో గుర్తు పెట్టండి.

3. మొదటి గుర్తున్నవాటిలో రెండు పనులు ఎంచుకోండి. ఇకమీదట ఆ రెండింటికీ నడిచే వెళ్తామని ఇంట్లో అందరి ముందూ చెప్పండి.

4. వాటిలో ఒకదానికి ఒకసారి బండి మీద, ఒకసారి నడిచి వెళ్లి, గుమ్మం నుంచి గుమ్మం దాకా పట్టిన టైము రాసుకోండి. మీ లెక్క మీకే తెలుస్తుంది.

5. తాళం చోటు మార్చండి, సంచి తగిలించండి.

6. దారిలో మీకు అడ్డం తగిలిన ఒక్క లోపాన్ని ఈ వారమే ఫిర్యాదు చెయ్యండి.

వారం తర్వాత ఆ కాగితం మళ్లీ తీసి, మూడో పనిని చేర్చండి. రెండో వలయంలోని పనులకు తొందరలేదు. మొదటి వలయం పూర్తిగా కాలినడకకు వచ్చాక అవి వాటంతటవే దగ్గరవుతాయి. అప్పటికి మీ ఇంట్లో ఎవరైనా బండి తాళం అడిగితే, ఎందుకో కూడా వాళ్లే చెబుతారు. అక్కడిదాకా వస్తే ఈ అధ్యాయం పని పూర్తయినట్టే.